చెట్టుకేసిన గాలం

గోలేటి టౌన్‌షిప్‌లో ఎవరి ఇల్లూ వాళ్లది కాదు. అన్నీ సింగరేణి బొగ్గు కంపెనీ క్వార్టర్లే. బాయి పని ఉన్నన్నాళ్లు ఉంటాం. అరవై ఒకటి నిండి దిగిపోయేనాడు గోడ మేకులు పీకి, తాళంచెవి ఆఫీసులో అప్పగించి వెళ్లిపోతాం. మాకు ముందున్నవాళ్లు పెట్టిన జామచెట్టు కాయలు మేం తింటున్నాం. మా ఇంటామె పెట్టిన కరివేపాకు తెంపుకునేదెవరో ఇంకా తెలియదు. సింగరేణిలో పుట్టి పెరిగినవాళ్లకు ఇందులో వింతేం లేదు. బెల్లంపల్లి ఏరియా సంగతే చూడండి, జనరల్ మేనేజర్ ఆఫీసు ఉండేది గోలేటిలో, పేరు మాత్రం బెల్లంపల్లిది. బొగ్గు ఎటుంటే మనిషి అటు జరగాలి, పేర్లు తీరిగ్గా తర్వాతెప్పుడో జరుగుతాయి.

ఇట్లాంటి చోట హ్యామ్ రేడియో పిచ్చి పట్టుకుంటే ఏమవుతుంది? పుస్తకాల్లో ఆదర్శ యాంటెన్నా బొమ్మ ఒకటుంటుంది. ఇంటి వెనుక అరవై అడుగుల ఇనుప టవరు, దాని నెత్తిన అల్యూమినియం గొట్టాల యాగీ యాంటెన్నా, దాన్ని దిక్కుదిక్కుకూ తిప్పే మోటారు. ఆ బొమ్మలో కనపడనిది భూమి పట్టా. సొంత జాగా, సొంత గోడ, పొరుగువాడితో తగువు పడే హక్కు ఉన్నవాడికే టవరు. మాకు దక్కేది సంచిలో పట్టే యాంటెన్నా. మధ్యాహ్నం కట్టి, పొద్దు గూకేలోపు విప్పి చుట్టేసుకునేది. గోడకు బొక్క పడదు, ఎస్టేట్ విభాగం నుంచి నోటీసు రాదు.

దీన్ని లేనివాడి సరదా అని జాలిపడేవాళ్లున్నారు. ఆ జాలి నాకు అక్కర్లేదు గానీ, ఎందుకు అక్కర్లేదో చెప్పాలంటే కాస్త లెక్కలోకి దిగాలి.

హ్యామ్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా ప్రభుత్వ పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, తమకంటూ ఒక పిలుపుపేరుతో ఆకాశంలో మాట్లాడొచ్చు. మన దేశంలో ఆ పేర్లు ఎక్కువగా వీయూ2, వీయూ3 అని మొదలవుతాయి. పెద్ద లైసెన్సు ఉంటే నాలుగు వందల వాట్ల దాకా పంపే అనుమతి ఉంది. అంత అవకాశం ఉండీ అయిదు వాట్లకే కట్టుబడి ఉంటామనే తెగ ఒకటుంది. మోర్స్‌లో అయిదు, మాటల్లో అయితే పది, అంతకు మించకూడదని వాళ్ల పట్టుదల. అయిదు వాట్లంటే ఎంత? మా వరండాలో వెలిగే ఎల్‌ఈడీ బల్బు తొమ్మిది వాట్లది.

వినడానికి ఇది వెర్రితనంలా ఉంటుంది గానీ, చెవి లెక్క వేరు. వంద వాట్ల నుంచి అయిదు వాట్లకు దిగితే పోయేది పదమూడు డెసిబెల్స్. అవతలివాడి మీటరు మీద ఒక్కో గీత ఆరు డెసిబెల్స్. అంటే ఇరవయ్యో వంతుకు దిగినా పోయేవి రెండు గీతల పైచిలుకు. ఏడు గీతలు చూపించే చోట అయిదు చూపిస్తుంది, మాట మాత్రం వినబడుతూనే ఉంటుంది. ఈ సౌకర్యాన్ని నమ్ముకునే చిన్న రేడియోలు బతుకుతున్నాయి. చిక్కు అది కాదు. అయిదు వాట్లలో మళ్లీ ముప్పాతిక భాగం తినేసే యాంటెన్నాను తగిలించినప్పుడు చిక్కు మొదలవుతుంది.

యాంటెన్నా సైజును అలే నిర్ణయిస్తుంది. మూడు వందలను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది. ఏడు మెగాహెర్ట్జ్ అల పొడవు దాదాపు నలభై మీటర్లు. దానికి సహజంగా పలికే తీగ అందులో సగం, అంటే ఇరవై మీటర్లు. పద్నాలుగుకు పది మీటర్లు, ఇరవై ఎనిమిదికి అయిదు. ఇంత తీగ ఎవడు మోస్తాడని సంచిలో పట్టే మీటరున్నర కడ్డీ ఒకటి కనిపెట్టారు. కడ్డీ కింద ఒక కాయిల్, పేరు లోడింగ్ కాయిల్. పొట్టి కడ్డీని పొడుగుదని రేడియోను నమ్మించడం దాని పని.

రేడియో నమ్ముతుంది. ఆకాశం నమ్మదు. ఏడు మెగాహెర్ట్జ్ దగ్గర మీటరున్నర కడ్డీకి ప్రసార నిరోధం అర ఓము. మనం పంపిన శక్తిలో అల అయి వెళ్లిపోయేది ఈ అర ఓములో ఖర్చయ్యేదే. దాంతో వరుసలో నిలబడేవి కాయిల్ తీగ నిరోధం పది ఓములు అనుకుందాం, కింద నేల నిరోధం ఇరవై అనుకుందాం. ముప్పై ఓముల్లో అర ఓము. అయిదు వాట్లు పంపితే ఎనభై మిల్లీవాట్ల దాకా గాల్లోకి వెళ్తాయి, మిగతాదంతా కాయిల్‌నీ చీమలపుట్టనీ వెచ్చబెడుతుంది. ఇక్కడొక మాయ ఉంది. మీటరు చూస్తే అంతా సవ్యంగా ఉందనే చూపిస్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ (వెనక్కి తిరిగొచ్చే శక్తి కొలత) తక్కువగా, చక్కగా. అసలు గాల్లోకి ఏమీ పంపని, ఉత్త వేడి చేసే డమ్మీ లోడు తగిలించినా అదే మీటరు అంతకంటే చక్కగా చూపిస్తుంది. నష్టం ఎంత ఎక్కువైతే మీటరు అంత ప్రశాంతంగా ఉంటుంది. ఆఫీసుల్లో రిపోర్టులు రాసేవాళ్లకు ఈ సూత్రం బాగా తెలుసు.

అదే కడ్డీని ఇరవై ఎనిమిది మెగాహెర్ట్జ్‌కు పెడితే కథ మారుతుంది. ప్రసార నిరోధం దాదాపు ఎనిమిది ఓములకు ఎక్కుతుంది, కాయిల్ చిన్నదవుతుంది, పంపినదాంట్లో పావు వంతు వరకు బయటపడుతుంది. కాబట్టి పొట్టి కడ్డీ పనికిరాదని చెప్పడం తప్పు. ఏ అలకు పొట్టి అన్నది చూడాలి.

రెండో ఉపాయం రింగు. మీటరు వ్యాసం ఉన్న రాగి గొట్టాన్ని గుండ్రంగా వంచి, రెండు కొసల మధ్య కెపాసిటర్ పెడతారు. చూడముచ్చటగా ఉంటుంది, బాల్కనీలో స్టాండు మీద నిలబడుతుంది. పద్నాలుగు మెగాహెర్ట్జ్‌లో దీని ప్రసార నిరోధం ఓములో పదో వంతు మాత్రమే. కాబట్టి ఒక్క అతుకు వదులైనా పని చెడుతుంది. బాయిలో ముప్పై ఏళ్లుగా కేబుల్ జాయింట్లు బిగించిన చేతులు నావి. వదులు జాయింటు ఎంత తింటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఈ రింగు ముందు నేను కూడా గౌరవంగానే నిలబడతాను. అయిదు వాట్లకే కెపాసిటర్ కొసల మధ్య వెయ్యి వోల్టుల దరిదాపు నిలుస్తుంది. పైగా కెపాసిటర్ గుబ్బ వెంట్రుకవాసి కదిలితే శ్రుతి జారిపోతుంది. పట్నంలో అపార్టుమెంటు వాసులకు ఇంతకు మించిన దారి లేదు. నాకు మాత్రం చెట్లున్నాయి.

అసలు సంగతి ఇక్కడుంది. సంచిలో పట్టాలి అన్నాం గానీ పొట్టిగా ఉండాలి అనలేదు కదా. ఇరవై మీటర్ల సన్నటి తీగ చుట్టేస్తే అరచేతిలో ఇముడుతుంది, మీటరున్నర కడ్డీ కంటే తేలిక. దాని కొసకు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బాలో చిన్న ఫెర్రైట్ రింగు ట్రాన్స్‌ఫార్మర్. సగం అల తీగను కొసలో పట్టుకుంటే నిరోధం రెండున్నర వేల ఓముల దాకా ఉంటుంది, దాన్ని నలభై తొమ్మిదో వంతుకు దించి రేడియోకు నచ్చే యాభై ఓములు చేస్తుంది ఆ డబ్బా. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నాలుగింటికీ అదే తీగ పలుకుతుంది. సంచిలో ఉన్నంతసేపు చిన్నది, గాల్లోకి లేస్తే పూర్తి సైజుది. తక్కువపడినది చెట్టు ఇస్తుంది. పొట్టి కడ్డీ తనకు ఏ లోటూ లేదని నటిస్తుంది. తీగ అట్లా నటించదు, లోటున్నదాన్ని చుట్టుపక్కల అరువు తెచ్చుకుంటుంది, పని కాగానే ఇచ్చేస్తుంది. క్వార్టర్లో ఉండేవాడికి ఈ రెండో పద్ధతే ఒంటికి పడుతుంది.

చెట్టు మీదికి తీగ ఎక్కించడానికి అమెరికావాళ్లు ప్రత్యేకమైన తాళ్లు, బరువు సంచులు అమ్ముతారు. మాకు ఒడిసెల ఉంది. జొన్నచేలల్లో పిట్టలను తోలే ఒడిసెల. రాయికి బదులు సన్నటి దారం కట్టిన బరువు పెట్టి తిప్పి వదిలితే టేకు కొమ్మ దాటి అవతల పడుతుంది. చెట్టు లేని చోట వెదురు బొంగు. తిర్యాణి వైపు అడవిలో వెదురుకు కొదవ లేదు, ఒకప్పుడు కాగజ్‌నగర్ మిల్లు ఆ వెదురుతోనే కాగితం చేసింది. ఎండిన వెదురు విద్యుత్తును పోనివ్వదు, తీగను దాని ఒంటికే చుట్టేయొచ్చు. వాన కురిసి తడిస్తే కాస్త నష్టం ఉంటుంది. దుకాణాల్లో దొరికే మడత గాలం కర్రలు ఇంకా సుఖం, ఫైబర్‌గ్లాసుది అయితేనే సుమా. కార్బన్‌ది కొంటే కర్రే శక్తిని మింగుతుంది.

ఒకసారి వాగు ఒడ్డున గాలం కర్రకు తీగ కట్టి నిలబెట్టి, దాని రెండో కొసను ఇప్పచెట్టు కొమ్మకు లాగుతున్నాను. మేకలు కాసే పిల్లవాడు చాలాసేపు చూసి అడిగాడు.

"కాకా, వాగు ఇటుంటే గాలం చెట్టుకేసినవేంది?"

"హైదరాబాదు మాట పడుతదేమో అని."

"పడ్డదా?"

"ఇంకా లేదు."

"ఎర్ర ఏమి పెట్టినవ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

హైదరాబాదు ఇక్కడికి గీత గీసినట్టు చూస్తే రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. చేతి రేడియోల అలలు నేరుగా పోతాయి, అడ్డం వచ్చిన మొదటి గుట్టకే ఆగిపోతాయి. ఏడు మెగాహెర్ట్జ్ అల అట్లా కాదు, నిటారుగా పైకి పంపితే రెండు వందల యాభై, మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న పొరను తాకి, గొడుగులా చుట్టూ దిగుతుంది. గుట్టలు అడ్డం రావు, అడవి అడ్డం రాదు. మన అక్షాంశాల్లో పగటిపూట ఆ పొర దిట్టంగా ఉంటుంది. ఈ పనికి యాంటెన్నా ఎత్తుగా ఉండనే అక్కర్లేదు. తీగను మనిషెత్తు కంటే కాస్త పైన అడ్డంగా కడితే చాలు, శక్తి నేరుగా పైకే పోతుంది. జపాన్‌తో మాట్లాడాలంటే ఎత్తు కావాలి, జిల్లాలు దాటి మాట్లాడాలంటే కింద కట్టిన తీగే మేలు. అరవై అడుగుల టవరున్న ఆసామికి కరీంనగర్ అందక, వంగిన వెదురు కింద కూర్చున్నవాడికి అందిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఈ ప్రాంతంలో అడవి అంచున చెట్టుకు తీగ కట్టి, పెట్టె ముందు కూర్చుని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకున్న మనిషి ఎవరికైనా అనుమానంగానే కనిపిస్తాడు. పాత ఆదిలాబాద్ జిల్లాలో వైర్‌లెస్ సెట్టు అంటే పోలీసులు, నక్సలైట్లు అనే రెండు పక్షాలకే ఉండేది, మూడో పక్షం ఒకటి ఉందని నమ్మించడం కష్టం. అందుకే లైసెన్సు కాపీ బ్యాటరీ కంటే ముందు సంచిలో పెడతాను. ఊళ్లో ఎవరో ఒకరికి చెప్పే వెళ్తాను. పొద్దు గూకేలోపు విప్పేస్తానన్నానే, దానికి పోలీసులొక్కరే కారణం కాదు. మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి పులులు వచ్చిపోయే దారి ఇది. పులికి లైసెన్సు చూపించలేం.

ఇక తక్కువ శక్తి సంగతి. హ్యామ్‌లు దీన్ని ఒక ఆటగా, కొందరైతే ఒక గొప్పగా చెప్పుకుంటారు. అయిదు వాట్లతో అర్జెంటీనా అందుకున్నానని గోడకు సర్టిఫికెట్ తగిలించుకుంటారు. నాకు తక్కువ శక్తి పరిచయమైంది ఆకాశం వైపు నుంచి కాదు, నేల కింది నుంచి.

బాయిలోకి దిగితే రేడియో మూగబోతుంది. బొగ్గూ రాయీ అలను కొద్ది దూరంలోనే మింగేస్తాయి. అందుకే కింద ఇప్పటికీ తీగల రాజ్యమే. మా బాపు హాలేజి మీద, అంటే బొగ్గు టబ్బులను తాడుతో లాగే యంత్రం మీద, పనిచేసినవాడు. హాలేజి దారి పొడవునా పక్క గోడ వెంట రెండు ఉత్త తీగలు కాస్త ఎడంతో నడుస్తాయి. దారిలో ఎక్కడున్నవాడైనా ఆ రెంటినీ కలిపి నొక్కితే చివర ఇంజను దగ్గర గంట మోగుతుంది. ఒక్క గంటంటే ఆపు. మిగతా పనులకు మిగతా లెక్కలు. టబ్బుల వరుస కదలడం, నిలవడం, కిందున్న మనుషుల కాళ్లూ చేతులూ, అన్నీ ఆ గంటల లెక్క మీదే. మోర్స్ నేర్చుకునేటప్పుడు నాకు పెద్ద కష్టం అనిపించలేదంటే కారణం తెలివి కాదు, చిన్నప్పుడు బాపు అన్నం తింటూ కూడా వేళ్లతో కంచం అంచు మీద కొట్టే లెక్కలు.

ఆ గంట తీగల వెనుక ఒక చరిత్ర ఉంది. 1913 అక్టోబరు 14న వేల్స్ దేశంలో సెంగెనిత్ అనే ఊళ్లో గని పేలింది. 439 మంది కార్మికులు పోయారు, బ్రిటన్ గనుల చరిత్రలో అంతకు మించిన ప్రమాదం లేదు. ఏ నిప్పు దాన్ని రగిల్చిందో తేలలేదు గానీ, అనుమానితుల్లో గంట తీగలు ఉన్నాయి. రెండు తీగలు కలిసి విడిపోయేటప్పుడు రేగే చిన్న రవ్వ. బ్యాటరీ గంట, అందులో ఏముంటుంది, పిసరంత కూడా వేడి ఉండదు అనుకున్నారు అప్పటిదాకా. ఆ తర్వాత వీలర్, థార్న్‌టన్ అనే ఇద్దరు చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, రవ్వలో ఉన్న శక్తి ఒక హద్దుకు కింద ఉంటే గ్యాసు అంటుకోదు, హద్దు దాటితే అంటుకుంటుంది. కాబట్టి రవ్వ రాకుండా ఆపడం ఒక్కటే దారి కాదు, రవ్వ వచ్చినా అంటుకోనంత తక్కువ శక్తితో పని జరిగేలా పరికరాన్ని కట్టడం ఇంకో దారి. ఇవాళ గనుల్లో, నూనె శుద్ధి కర్మాగారాల్లో ఇంట్రిన్సిక్ సేఫ్టీ అని బోర్డు మీద రాసి ఉండే పద్ధతి అక్కడ పుట్టింది.

అంటే నేను ఉద్యోగంలో నేర్చుకున్న మొదటి పాఠమే, కబురు పంపడానికి ఎంత తక్కువ సరిపోతుంది అనేది. ఎక్కువ ఉంటే మేలు కదా అనే ప్రశ్న గనిలో పుట్టదు. ఎక్కువ ఉంటే చస్తాం. పైకి వచ్చాక నాలుగు వందల వాట్ల అనుమతి చూసినా చెయ్యి అటు పోలేదు. దీనికి నిరాడంబరత అని పేరు పెట్టి నన్ను పొగిడే మిత్రులున్నారు. అది అలవాటు, అంతకు మించి ఏమీ లేదు.

బొగ్గు ఊళ్లో హ్యామ్‌కు మరో హద్దు కూడా ఉంది, టవరు ఆసాములకు ఇది తట్టదు. ఖైరాగూడ లాంటి ఓపెన్‌కాస్టుల చుట్టూ ఎత్తైన మట్టి గుట్టలుంటాయి. బొగ్గు మీది మన్ను తవ్వి పోసినవి. యాంటెన్నా కళ్లతో చూస్తే నోరూరుతుంది, ఆ నెత్తిన తీగ కట్టి కూర్చుంటే చుట్టూ అడ్డమన్నదే లేదు. అక్కడికి వెళ్లకూడదు, కంపెనీ జాగా అని మాత్రమే కాదు. బ్లాస్టింగ్‌కు విద్యుత్ డిటోనేటర్ వాడేచోట దాని రెండు తీగలూ తమకు తెలియకుండానే యాంటెన్నాలు. పక్కన రేడియో పలికితే అందులో కరెంటు పుడుతుంది, ఎక్కువైతే డిటోనేటర్‌కు అదే ఆజ్ఞ. పేలుడు చోట్ల మొబైల్, వైర్‌లెస్ ఆపేయమని పెట్టే బోర్డులు ఊరికే పెట్టినవి కావు. యాంటెన్నా కావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పొడుగ్గా ఉన్న లోహం చాలు. తడి దుస్తులు ఆరేసిన తీగ, క్వార్టర్ కంచె, డిటోనేటర్ కాళ్లు, అన్నీ వింటూనే ఉంటాయి.

చిన్న రేడియోల ముచ్చట హైదరాబాదు ప్రస్తావన లేకుండా ముగించడం అన్యాయం. అష్హర్ ఫర్హాన్, వీయూ2ఈఎస్ఈ, హైదరాబాదీ. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక పెట్టినవాళ్లలో ఒకరిగా పట్నంలో చాలామందికి తెలుసు. ప్రపంచంలో హ్యామ్‌లకు ఆయన మరో రకంగా తెలుసు. 2000ల మొదట్లో బిట్‌ఎక్స్ అనే రేడియో డిజైన్ తయారుచేసి, సర్క్యూట్ అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. విదేశీ విడిభాగాలు దొరకని, దొరికినా కొనలేని ఇండియన్ హ్యామ్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది. కాయిల్స్ చుట్టడానికి ప్రత్యేకమైన రింగులు దొరక్కపోతే కుళాయిలకు వేసే నైలాన్ వాషర్ల మీద చుట్టుకోమన్నారు. హార్డ్‌వేర్ షాపులో వాషర్లు కొని రేడియో కట్టినవాళ్లు ఇవాళ ఎన్నో దేశాల్లో ఉన్నారు. తర్వాత వచ్చిన రకాలను హైదరాబాదులో ఒక మహిళల బృందం చేత కట్టించి ప్రపంచమంతా పంపారు. ఇవి ఎక్కువగా పది వాట్ల దరిదాపువే. వాషర్ మీద కాయిల్ చుట్టడం, కొమ్మ మీదికి తీగ విసరడం నాకు ఒకే బుద్ధి చేసిన రెండు పనులుగా కనిపిస్తాయి.

ఆ మాటకొస్తే హ్యామ్‌లు నిలబడిన చోటే ఒకప్పుడు పనికిరానిదని పారేసిన చోటు. 1912లో అమెరికా చట్టం చేసి, రెండు వందల మీటర్లకు లోపు అలలు వ్యాపారానికి పనికిరావు, ఔత్సాహికులు అందులో ఆడుకోండి అని తోసేసింది. 1923 నవంబరులో ఆ పారేసిన అలల మీదే, నూట పది మీటర్ల దగ్గర, అమెరికాలో ఫ్రెడ్ ష్నెల్, ఫ్రాన్సులో లియాన్ డెలాయ్ సముద్రానికి ఆవల ఒకరు ఈవల ఒకరు కూర్చుని మాట్లాడుకున్నారు. అల పొట్టిదైతే యాంటెన్నా కూడా పొట్టిదవుతుంది. ఇవాళ సంచిలో యాంటెన్నా పెట్టుకుని తిరుగుతున్నామంటే ఆ తోసేసినవాళ్లకు కూడా కొంత దండం పెట్టాలి.

ఎప్పుడో ఒకసారి ఎవరో అడుగుతారు, జేబుల్లో ఫోన్లుండగా ఇదంతా దేనికని. హ్యామ్‌ల దగ్గర దీనికి తయారుగా ఉన్న జవాబు 2004. ఆ డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం అండమాన్‌కు వెళ్లింది, వీయూ4ఆర్‌బీఐ అనే పిలుపుపేరుతో. అండమాన్ నుంచి మాట వినబడడం ప్రపంచంలో హ్యామ్‌లకు అపురూపం, అందుకోసమే వెళ్లారు, సరదా యాత్రే. 26వ తేదీ పొద్దున సునామీ వచ్చింది. టెలిఫోన్లు పోయాయి. సరదాకు కట్టిన యాంటెన్నాలు కబుర్ల మోత మొదలుపెట్టాయి, ఎవరు బతికున్నారు, ఎక్కడ ఉన్నారు అని. అది నిజం, ఆ పనికి ఎంత పేరు వచ్చినా తక్కువే. అయితే ఆ ఒక్క ఉదాహరణతో మా సరదాకు సేవ అనే రంగు పులమడం నాకు ఇష్టం ఉండదు. నేను వాగు ఒడ్డుకు పోయేది దేశాన్ని కాపాడడానికి కాదు. తుపాను రోజున పనికొచ్చేది ఉపన్యాసం కాదు, చీకట్లో వానలో తీగ విసరగలిగిన చెయ్యి. ఆ చెయ్యి మామూలు రోజుల్లో ఊరికే విసిరితేనే తయారవుతుంది.

నిజానికి ఊరు దాటి వెళ్లడానికి నాకున్న పెద్ద కారణం మాట్లాడడం కాదు, వినడం. క్వార్టర్లలో వినబడదు. ప్రతి ఇంట్లో ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, ఇన్వర్టర్లు, ఫోన్ చార్జర్లు, ఎక్కడో సబ్‌స్టేషన్‌లో దుమ్ము పట్టిన ఇన్సులేటర్ మీద గీరుడు. రేడియో పెడితే ఆగని బుసబుస. అదే రేడియోను అదే బ్యాటరీతో టేకు చెట్ల మధ్యకు తీసుకెళ్తే ఆ బుస లేదు. తెర తీసినట్టు అవతల సన్నటి గొంతులన్నీ తేలతాయి. (బ్యాటరీ నా సొంతం. క్యాప్ ల్యాంప్‌ది కాదు. అడిగేవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాను.)

పొట్టి యాంటెన్నా గుణం ఒకటి ఇక్కడే బయటపడుతుంది. పంపేటప్పుడు అది ఎంత నష్టం చేస్తుందో వినేటప్పుడు అంత చేయదు. ఈ అలల్లో చెవికి అడ్డం వచ్చేది ఎక్కువగా బయటి రొద. యాంటెన్నా నాసిది అయితే రొదా తగ్గుతుంది, గొంతూ తగ్గుతుంది, రెండింటి తేడా అట్లాగే మిగులుతుంది. వాల్యూం పెంచుకుంటే చాలు. కాబట్టి మీటరున్నర కడ్డీ పట్టుకుని కూర్చున్నవాడికి లోకమంతా వినబడుతుంది, వాడు మాత్రం ఎవరికీ వినబడడు. ఇది మొదటిసారి చేసేవాళ్లను బాగా కుంగదీస్తుంది. పిలుస్తూనే ఉంటారు, అవతలివాడు హాయిగా ఇంకెవరినో పలకరిస్తుంటాడు. తప్పు మర్యాదది కాదు, ముప్పై ఓముల్లో అర ఓముది. ఆ సంగతి తెలిసినవాడు గొంతు చించుకోవడం ఆపి గడియారం చూస్తాడు. పొద్దుటిపూట ఏడులో దక్షిణాది ముచ్చట్లు, మధ్యాహ్నం పైఅలలు తెరుచుకునే వేళ, సాయంత్రం చీకటి గీత దాటే కాసేపు. వేళ కూడా అరువే. వంద వాట్లవాడు ఎప్పుడు పడితే అప్పుడు మాట్లాడతాడు. అయిదు వాట్లవాడు అవతలివాడు ఊపిరి తీసుకునే సందు చూసుకుని మాట్లాడతాడు.  నాకైతే రెండోవాడితోనే ముచ్చట బాగుంటుంది.

సూర్యుడు కూడా ఒక లెక్కలో ఉన్నాడు. పదకొండేళ్లకోసారి మచ్చలు పెరిగి తగ్గుతాయి. 2024లో అవి గరిష్ఠానికి చేరాయి. అప్పుడు ఇరవై ఎనిమిది మెగాహెర్ట్జ్ ఎంత ఉదారంగా ఉండేదంటే, కడ్డీ పెట్టి కూర్చున్నా జపాన్, రష్యా పలికేవి. పొట్టి యాంటెన్నాల అమ్మకందార్లకు అవి పండగ రోజులు, తమ సరుకు మహిమ అనే చెప్పుకున్నారు. మచ్చలు తగ్గేకొద్దీ ఆ అల మూసుకుంటూ పోతుంది, మళ్లీ కింది అలలకు దిగాలి, తీగ పొడవు పెరుగుతుంది. నలభై మీటర్ల చుట్ట ఒకటి కొత్తగా చుట్టి పెట్టాను, మూడున్నర మెగాహెర్ట్జ్‌కు. అంత తీగకు ఎడం సరిపోయే రెండు చెట్లు రెబ్బెన దారిలో చూసి ఉంచాను. ఒకటి మద్ది, ఒకటి టేకు, మధ్యలో ఎవరిదో పత్తిచేను. ఏరుడు అయిపోయాక ఆ రైతును అడగాలి.